నడుస్తున్న సివిల్ దావాను రాజీకి పంపించుకోవడం ఎలా

లోక్ అదాలత్ అంటే ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగి ఉభయులూ విసిగిపోయాక చేరుకునే చివరి మజిలీ అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల కక్షిదారుల్లో చాలామంది భావిస్తారు గాని, చట్టం ఉద్దేశం అది కాదు. 2002 జూలై 1 నుంచి అమలులో ఉన్న సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ ప్రకారం, రాజీకి అవకాశం కనిపించిన దావాను మధ్యవర్తిత్వానికో లోక్ అదాలత్‌కో పంపే అధికారం కోర్టుకే ఉంది. ప్రతివాది జవాబు దావా వేసిన తరువాత, వివాదాంశాలు (కోర్టు తేల్చవలసిన ప్రశ్నలు) ఖరారు కాకముందు ఈ పని జరగాలని 2010లో అఫ్‌కాన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబ తగాదాలలో మాత్రం జవాబు రాకముందే పంపడం మేలని కూడా అన్నది. పరస్పర ఆరోపణలు కాగితం మీదికి ఎక్కాక మనుషులు వెనక్కి తగ్గడం కష్టం కాబట్టి ఈ సూచన చాలా సబబైనది.

కనుక ఆ దశలోనే దావాను రాజీకి పంపమని కోరుతూ మీ న్యాయవాది ద్వారా కోర్టులో మెమో దాఖలు చేయించండి. దావాను మధ్యవర్తిత్వానికి పంపడానికి ఎదుటివారి సమ్మతి అక్కరలేదు. ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయటి వ్యక్తి తీర్పు చెప్పే పద్ధతికి మాత్రం ఇరుపక్షాల ఒప్పుదల తప్పనిసరి. ఫోర్జరీ, మోసం వంటి తీవ్ర ఆరోపణలున్నవీ, ఎన్నికల వివాదాలూ ఈ దారికి సరిపోవు. చీమకుర్తి గ్రానైటు బాకీ వంటి వాణిజ్య వివాదం 3 లక్షల రూపాయలు గాని అంతకు మించి గాని ఉండి, అత్యవసర ఉత్తర్వులు కోరనిదైతే, దావా వేయడానికి ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. అలా వెళ్లకుండా వేసిన దావాను కోర్టు తిరస్కరిస్తుంది.

మధ్యవర్తి తీర్పు చెప్పరు, లోక్ అదాలత్ పీఠం కూడా ఒకరి పక్షాన తేల్చదు. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీకి అలవాటు పడినవారు ఈ తేడాను ముందే గ్రహించడం మంచిది. మధ్యవర్తి దగ్గర మీరు అన్న మాటలు గోప్యంగా ఉంటాయి. రాజీ కుదరకపోతే ఆ సంగతి ఒక్కటే కోర్టుకు చేరుతుంది, దావా ఆగినచోటి నుంచి సాగుతుంది.

అసలు జాగ్రత్త పడవలసింది రాజీ షరతులు రాసేటప్పుడు. కోవూరు ప్రాంతంలో ఇద్దరు అన్నదమ్ముల మధ్య పంట కాలువ నీటి గురించి, గట్టు గురించి తగాదా ఉన్నదనుకుందాం. “ఇకమీదట సఖ్యంగా నీరు పారించుకుంటాము” అని రాసుకుంటే, రేపు ఒకరు అడ్డం తిరిగినప్పుడు అమలుపరచడానికి అందులో ఏమీ ఉండదు. సర్వే నంబరు, సెంట్లతో సహా విస్తీర్ణం, నాలుగు హద్దులు, కాలువ వెడల్పు, ఎవరి వంతు ఏ రోజు, గట్టు ఎవరు ఏ తేదీలోగా సరిచేయాలి, ఖర్చు ఎవరిది అన్నవన్నీ స్పష్టంగా రాయించి, సర్వేయరు గీసిన ప్లాను జతపరచాలి. సొమ్ము చెల్లింపు ఉంటే వాయిదాల తేదీలు, ఒక వాయిదా తప్పితే మిగతా మొత్తం ఒకేసారి చెల్లించాలన్న షరతు, వడ్డీ రేటు చేర్చాలి. దావాలో లేని భూమిని రాజీలో ఇచ్చిపుచ్చుకుంటే రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది; పంపకాలలో తరచు మరిచేది ఇదే. హక్కుదారులంతా సంతకాలు చేయాలి, పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలతో సహా.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీని నమోదు చేసే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానమైన బలం ఉంది, దానిపై అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. మధ్యవర్తి దగ్గర కుదిరిన రాజీ మాత్రం కోర్టు ముందుకు వెళ్లి, కోర్టు దాన్ని నమోదు చేసి డిక్రీ ఇచ్చాకే ఆ బలం పొందుతుంది. అవార్డు ధ్రువీకృత నకలు వెంటనే తీసుకోండి. ఎదుటివారు మాట తప్పితే కొత్త దావాతో పనిలేదు, ఆ నకలుతో ఎగ్జిక్యూషన్ పిటిషన్ (అమలు కోరే దరఖాస్తు) వేస్తే సరిపోతుంది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, తమ ప్రాంతపు కోర్టులోని మండల న్యాయసేవా కమిటీని గాని కలవవచ్చు. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.