పీబీఆర్ గస్తీ పడవ నమూనాను 1:35 కొలతలో చేసుకోవడం ఎలా

వియత్నాం యుద్ధంలో 1966 నుంచి మెకాంగ్ డెల్టా కాలువల్లో తిరిగిన అమెరికా నౌకాదళపు పీబీఆర్ పడవను నమూనాగా చేయదలచినవారు ముందుగా దాని అడుగుభాగాన్ని అర్థం చేసుకోవాలి. ఈ పడవకు కిందికి పొడుచుకొచ్చే పంకా గానీ, చుక్కాని గానీ ఉండవు. రెండు డీజిల్ ఇంజన్లు నడిపే పంపులు అడుగునున్న జాలీల గుండా నీటిని పీల్చి వెనుకకు చిమ్ముతాయి; ఆ నీరు చిమ్మే మూతులను ఎటు తిప్పితే పడవ అటు మళ్లుతుంది. అందువల్లే రెండడుగుల లోతున్న కాలువలో కూడా అది ఆగి ఉండగలిగేది, కమాండోలను ఒడ్డుకు చేర్చగలిగేది.

రెండో రకం పీబీఆర్ పొడవు 32 అడుగులు కాబట్టి నమూనా సుమారు 28 సెంటీమీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు వస్తుంది. బాల్సా కర్రతో చెక్కేటప్పుడు ముక్కు దగ్గర అడుగును పదునైన కోణంలో ఉంచి, వెనుకకు పోయేకొద్దీ చదును చేయాలి. ముందు 220, తర్వాత 400 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. నీరు చిమ్మే మూతులకు పాత బాల్‌పెన్ను గొట్టం ముక్కలు రెండు సరిపోతాయి. ముందువైపు గుండ్రటి తొట్టిలో జంట మెషిన్ గన్లు, వెనుక ఒంటి గన్ను అమర్చాలి.

రంగు విషయంలో చాలామంది చేసే పొరపాటు పడవ పక్కలకు తుప్పు మరకలు వేయడం. ఇది ఫైబర్‌గ్లాస్ పడవ, తుప్పు పట్టదు. మెరుపు లేని ముదురు ఆకుపచ్చలో కొద్దిగా బూడిదరంగు కలిపి పూయండి, ఎందుకంటే చిన్న వస్తువు మీద అసలు రంగు మరీ నల్లగా కనిపిస్తుంది. తనిఖీకి ఆపిన సాంపాన్‌లు (అక్కడి చిన్న నాటు పడవలు) ఒరుసుకుని అంచులు అరిగిపోతుండడంతో రెండో రకానికి అల్యూమినియం అంచులు వేశారు. ఆ అంచు వెంబడి అక్కడక్కడ మెత్తని పెన్సిలుతో రుద్దితే రంగు లేచిపోయి లోహం తేలినట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ నమూనాకు ప్రాణం ఆ నాలుగైదు గీతల్లోనే ఉంది.

నీటిలో ఆగి ఉన్నట్టు చూపాలంటే థర్మోకోల్ పలకలో 17 మిల్లీమీటర్ల లోతున పడవ ఆకారపు గుంట కోయాలి. పాలియెస్టర్ రెజిన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది కాబట్టి ఎపాక్సీ రెజిన్‌నే వాడాలి. నీటికి నీలం వద్దు. మెకాంగ్ నది ఒండ్రుతో మన వరద గోదావరిలా ఎర్రమట్టి రంగులో ఉంటుంది. రెజిన్ గట్టిపడేలోపు పడవ వెనుక రెండు మూడు గుర్రపుడెక్క గుబుర్లు తేల్చండి. జాలీలకు తుక్కు చుట్టుకోవడం ఆ పడవ సిబ్బందికి నిత్యం ఎదురైన ఇబ్బంది.