వేరే షాపులో పని చేయించుకున్న గిరాకీకి చెప్పాలా, ఊరుకోవాలా?

మాది చండూరులో మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకు లోపలి వైరు మళ్లీ చుట్టే పని. బోరు మోటార్లే ఎక్కువ వస్తాయి. ఏళ్లుగా మన దగ్గరికే వచ్చే రైతు రేటు తగ్గుతుందని ఇంకో షాపుకు పోతాడు. అక్కడ చేసింది నాసిరకం పని అని మనకు తెలుస్తుంది. చెప్తే గిరాకీ పోయిందని కడుపుమంట అంటారు, చెప్పకపోతే మనసు ఊరుకోదు. కొత్తగా షాపు పెట్టిన పిల్లలు నన్ను ఇదే అడుగుతుంటారు. నేనెట్లా చేస్తానో చెప్తాను.

ముందు, మనకు తెలిసింది కళ్లారా చూసిందా, ఎవరో అన్నదా తేల్చుకోవాలి. 'ఆ షాపులో రాగికి బదులు అల్యూమినియం చుడతారట' అని చాయ్ హోటల్ దగ్గర విన్న మాట పట్టుకుని రైతుకు ఫోన్ చేయొద్దు. మోటార్ రెండు నెలలకే కాలినంత మాత్రాన వైండింగ్ చేసినవాడిదే తప్పనీ అనలేం. లో వోల్టేజీ ఉన్నా, ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు తగ్గి మోటార్ ఉత్తగా తిరిగినా కాలుతుంది. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు ఎక్కువైతే మోటార్‌ను ఆపేది) తప్పించి డైరెక్టు చేసుకున్న రైతులు ఎంతమందో.

ప్రాణం మీదికి వచ్చే సంగతైతే మాత్రం ఆలోచించే పనే లేదు. ఒక బత్తాయి తోటలో చూశాను. స్టార్టర్ డబ్బాకు ఎర్తింగ్ లేదు. బోరు దగ్గర కేబుల్ జాయింటుకు మామూలు టేపు చుట్టి, పైన క్యారీ బ్యాగు కట్టి వదిలేశారు. అది బురదలో పడి ఉంది. రైతు చెప్పుల్లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కాకా, అటు అడుగు పెట్టకు. ముందు మెయిన్ బంద్ చెయ్యాలె" అన్నాను.

"మొన్ననే చేయించిన బిడ్డా, ఏం కాదు."

"చేసినోళ్లనే పిలిచి మళ్లా చేయించుకో. నా దగ్గరికి రావాలని చెప్తలేను."

ఈ చివరి మాట తప్పకుండా అనాలి. అప్పుడే అతను మన మాట వింటాడు. జాయింటు ఎవరు చేశారని అడగొద్దు, పేరు ఎత్తొద్దు. మెయిన్ ఆపించి, ఎర్తింగ్ సరిచేసేదాకా ఆన్ చేయొద్దని గట్టిగా చెప్పాలి. లైన్ వైపు పని ఉంటే లైన్‌మన్‌ను పిలవాలి, దొరక్కపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. రైతును ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకోనీయొద్దు. అక్కడ పోయిన ప్రాణాలు మన దగ్గర తక్కువేం కాదు.

ఇక డబ్బు నష్టం సంగతి. ఇందులో మోటార్ బోరులోకి దిగిందా లేదా అన్నదే ముఖ్యం. ఇంకా దిగకపోతే వెంటనే చెప్పాలి. దింపాక మళ్లీ పైకి గుంజాలంటే కూలీల ఖర్చు, పైగా ఎండాకాలం అయితే నీళ్లు ఆగి బత్తాయి పిందె రాలుతుంది. అయితే 'వాళ్లు నిన్ను ముంచారు' అనొద్దు. తనంతట తానే చూసుకునే దారి చూపించాలి. వైండింగ్ నడుస్తున్నప్పుడు దగ్గర నిలబడమనండి. చుట్టే వైరులో జానెడు ముక్క అడిగి, కొన కోసి బ్లేడుతో గీకమనండి. రాగి అయితే లోపలిదాకా ఎర్రగా ఉంటుంది. పైన రాగి పూత పూసిన అల్యూమినియం అయితే లోపల తెల్లగా బయటపడుతుంది. తూకంలోనూ తేడా తెలిసిపోతుంది, రాగి అల్యూమినియం కన్నా మూడింతలు బరువు. బిల్లు మీద 'రాగి వైరు, ఇన్ని కిలోలు' అని రాయించుకోమనండి. కాలిన పాత రాగి కూడా అడగమనండి. అది రైతు సొమ్ము, తుక్కులో కిలోల లెక్కన అమ్ముడుపోతుంది.

అల్యూమినియం ఎందుకు వద్దని అడిగితే ఇట్లా చెప్పండి: అంతే లావు రాగి వైరుతో పోలిస్తే అల్యూమినియం కరెంటును తీసుకుపోయే గుణం అరవై శాతం చిల్లరే. లావు వైరు వేద్దామంటే మోటార్‌లో వైరు పట్టే గాడిలో (స్లాట్‌లో) జాగా ఉండదు. అందుకే లోడు మీద వేడెక్కుతుంది.

మోటార్ దిగి నడుస్తుంటే నేను వైండింగ్ మాట ఎత్తను. చేసేదేమీ లేనప్పుడు రైతుకు టెన్షన్ పెట్టి లాభమేంటి? మోటార్ ఎంత కరెంటు లాగుతుందో చూపే ఆంప్స్ మీటరు చూసుకో, నేమ్‌ప్లేటు మీద ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తే ఆపు అని మాత్రం చెప్తాను. అతనే అడిగితే దాచను. రంగు బాగా వేయలేదు, రేటు ఎక్కువ తీసుకున్నారు లాంటివి నోటి దాకా రానీయకూడదు.

ఆ షాపు నడిపేది కొత్త పిల్లవాడైతే నేను ముందు అతనికే ఫోన్ చేస్తాను. చాలామందికి చెప్పేవాళ్లు లేకే తప్పులు జరుగుతాయి. "తమ్మీ, బయటి జాయింటుకు ఆ టేపు పనికిరాదు" అంటే వినేవాళ్లే ఎక్కువ. ఊరి వాట్సాప్ గ్రూపులో షాపు పేరు పెట్టి రాయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. పగ పెరుగుతుంది, పైగా పరువు నష్టం కింద భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కేసు మెడకు చుట్టుకోవచ్చు.

కాలిన మోటార్ మన దగ్గరికే వస్తే రైతు ముందే విప్పాలి. వైరు అతని చేతిలో పెట్టి, ఫోటో తీసుకోమనాలి. ముందు ఆ షాపుకే వెళ్లి అడగమనాలి. అక్కడ తేలకపోతే, బిల్లు ఉంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

పని మనకే ఇస్తే 'నేను ముందే అనుకున్నా' అనొద్దు, రేటు పెంచొద్దు. వేసిన వైరు తూకం బిల్లు మీద రాసి, పాత వైరు సంచిలో కట్టి ఇచ్చేయండి.