మందుల ఫ్యాక్టరీ మూసేటప్పుడు నేలలో, నీటిలో ఏమి చూడాలి

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ మూయాలని నిర్ణయం కాగానే యాజమాన్యం ముందుగా కబురు పెట్టేది తుక్కు కాంట్రాక్టర్‌కు. కాలుష్యం లెక్క తేల్చేవారిని పిలిచేది ఆఖరున. ఈ వరుస తిరగబడాలి. పైపులు కోసి పంపేశాక ఏ లైనులో ఏ సాల్వెంట్ (కరిగించడానికి వాడే రసాయన ద్రవం) పారిందో తెలియదు. కార్మికులకు లెక్కలు తేల్చి పంపేస్తే చెప్పే మనిషీ ఉండడు. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఈ పని చేస్తున్నవాడిగా గట్టిగా చెబుతున్నాను: కరెంటు ఉండగానే, ఆపరేటర్లు జీతంలో ఉండగానే అంచనా మొదలుపెట్టండి.

మొదట కాగితాలు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, ప్రమాదకర వ్యర్థాల లెక్కగా ఏటా సమర్పించిన ఫారం 4లు, వ్యర్థాలతో పాటు వెళ్లిన ఫారం 10 మానిఫెస్టులు (రవాణా పత్రాలు) ఒకచోట పరవండి. ఉత్పత్తిని బట్టి పుట్టవలసిన వ్యర్థం ఎంత? దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేరింది ఎంత? తేడా వస్తే ఆ సరుకు ఆవరణలోనే ఉందనుకుని వెతకండి.

తర్వాత పాత షిఫ్ట్ ఇన్‌చార్జిని, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) ఆపరేటర్‌ను వెంటబెట్టుకుని నడవండి. గదిలో కూర్చోబెట్టి పటం చూపిస్తే వాళ్లు నోరు విప్పరు, ఆ చోట నిలబడితే అన్నీ గుర్తొస్తాయి. ‘ఈటీపీ కట్టక ముందు నీళ్లు ఎటు పోయేవి? వానాకాలంలో ఏ సంపు పొంగేది? ఈ షెడ్డు కింద ఇదివరకు ఏముండేది?’ అని అడగండి. రిపోర్టులో వాళ్ల పేర్లు రాయబోమని ముందే మాటివ్వండి, నిలబెట్టుకోండి.

నేను ఎక్కువసేపు ఆగేది భూగర్భ సంపు దగ్గర. దాన్ని ఖాళీ చేయించి, కడిగించి, ఆరనివ్వండి. లోపలి గాలిలో ఆక్సిజన్, మండే ఆవిర్లు, విషవాయువులు పరీక్షించకుండా ఎవరినీ దింపకండి. గోడ అడుగును కలిసే మూల, పైపు గోడలోకి దూరేచోటు టార్చి వేసి చూడండి. ఇటుకల మధ్య పాయింటింగును (సందుల్లో పూసిన సిమెంటును) యాసిడ్ తినేసేది అక్కడే. మిగతా గోడంతా ఆరినా ఒక్కచోట చెమ్మ మళ్లీ ఊరుతుంటే భూగర్భజలం లోపలికి వస్తోందన్నమాట. నీళ్లు లోపలికి వచ్చే దారినే ఇన్నేళ్లూ సంపులోది బయటికి పోయి ఉంటుంది.

మట్టి నమూనాలను స్థలమంతా సమానంగా పంచకండి. డ్రమ్ముల యార్డు, ట్యాంకర్లు దించేచోటు, స్లడ్జ్ (శుద్ధిలో మిగిలే బురద) ఎండబెట్టిన నేల, సోలార్ పాండ్ (వ్యర్థజలాన్ని ఎండకు ఆవిరి చేసే చెరువు) అడుగు ముఖ్యం. పోల్చుకోవడానికి ఫ్యాక్టరీకి ఎగువన ఒకటి తీయండి.

నీటి విషయంలో తొందరపడకూడదు. సాల్వెంట్లలో టొలీన్ నీటిపై తేలుతుంది. మిథిలీన్ క్లోరైడ్ నీటికన్నా బరువు, అడుక్కి దిగుతుంది. ఇక్కడిది గ్రానైటు నేల. బరువైన సాల్వెంట్ రాతి పగుళ్లు పట్టుకుని పోతుంది, నేల వాలునే అనుసరిస్తుందన్న నమ్మకం లేదు. అందుకే పైపొర వరకు ఒక పరీక్ష బోరు, పగుళ్ల దాకా ఇంకొకటి వేయించండి. నమూనాను 40 మి.లీ. గాజు సీసాలో అంచుదాకా పట్టి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ లేచిందా, ఇంకో సీసాలో మళ్లీ పట్టండి. సీసాలు ఐసుపెట్టెలోనే ప్రయోగశాలకు వెళ్లాలి. ప్లాస్టిక్ క్యానులో పడితే సాల్వెంట్ దారిలోనే ఎగిరిపోతుంది, ‘ఏమీ లేదు’ అనే ఫలితం మీ చేతికొస్తుంది.

ట్యాంకుల్లో మిగిలిన రసాయనాలను ‘తర్వాత చూద్దాం’ అని వదలకండి. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న ప్లాంటు ట్యాంకు నుంచే. 1984లో మూతపడిన భోపాల్ కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు 2025 జనవరి దాకా అక్కడే ఉన్నాయి.

చుట్టుపక్కల రైతుల బోర్లు కూడా ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి పరీక్షించి, ఫలితం కాగితం వాళ్ల చేతికే ఇవ్వండి. కలుషిత స్థలాలపై కేంద్రం 2025లో తెచ్చిన నియమాల ప్రకారం శుద్ధి ఖర్చు కాలుష్యానికి బాధ్యులదే కాబట్టి దాచిపెట్టి లాభపడేదీ లేదు. స్థలం అమ్మేటప్పుడు పరీక్ష బోర్ల పటం, ఫలితాలు విక్రయ పత్రానికి జతచేయండి. అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టేవారు పునాదికన్నా ముందు వేసేది బోరే.