ఫైర్ ఎన్వోసీ దరఖాస్తు: ఎమర్జెన్సీ లైట్ల పరీక్ష దగ్గర ఆగిపోకుండా

జనం గుమికూడే భవనాలకు అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం కోసం, అంటే అందరూ ఫైర్ ఎన్వోసీ అనే దాని కోసం దరఖాస్తు చేసేవారు నీళ్ల ట్యాంకు, పంపులు, హోస్ రీళ్లు, మంటలార్పే సిలిండర్ల మీద లక్షలు ఖర్చు పెట్టి, చివరికి మెట్లదారిలో వెలగని ఒక చిన్న ఎమర్జెన్సీ లైటు దగ్గర, అంటే కరెంటు పోయినప్పుడు దానంతట అదే వెలగాల్సిన లైటు దగ్గర ఆగిపోవడం తరచుగా చూస్తుంటాం. ఖర్చు తక్కువ కనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోరు కనుకనే, ఆ లైట్లను పరీక్షించామని చూపే కాగితాన్ని ఎక్కడో కొని తెచ్చుకుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ కాగితం గురించే.

ముందు ఎవరికి అవసరమో చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన అగ్నిమాపక సేవల చట్టమే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ దీనికి ఆధారం. దాని 13వ సెక్షన్ కింద 18 మీటర్లు దాటిన ఎత్తైన భవనాలు, 15 మీటర్లు ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలు, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ 6 మీటర్లకు మించిన ఎత్తులో గానీ కట్టిన పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా మందిరాల వంటివి ఈ పత్రం తీసుకోవాలి. ఎత్తుల విషయంలో భవన నిర్మాణ నియమాలకు సవరణలు వస్తూ ఉంటాయి కనుక, మీ భవనం హద్దుకు దగ్గరగా ఉంటే జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోవడం మేలు. అడగడానికి రుసుము ఏమీ ఉండదు.

దరఖాస్తు దశలు పెద్ద చిక్కేమీ కాదు. కట్టక ముందు ప్లాన్ మీద ఒక తాత్కాలిక ఎన్వోసీ, కట్టిన తర్వాత తనిఖీ చేసి ఇచ్చే ఎన్వోసీ, గడువు ముగిసేటప్పుడు రెన్యువల్, ఇవీ సందర్భాలు. మూడింటికీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పేరు నమోదు చేసుకుని, భవనం వివరాలు నింపి, అంతస్తులవారీ డ్రాయింగులు, అమర్చిన పరికరాల పత్రాలు అప్‌లోడ్ చేసి, రుసుము ఆన్‌లైన్‌లోనే కట్టి రసీదు దాచుకోవాలి. భవనం రకాన్ని బట్టి ఏయే పత్రాలు కావాలో పోర్టల్‌లోనే జాబితా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క మాట మాత్రం నొక్కి చెప్పాలి. నమోదు చేసేటప్పుడు ఇచ్చే మొబైల్ నంబరు, ఈమెయిల్ యజమానివో, సంస్థవో అయి ఉండాలి. ‘అంతా మేం చూసుకుంటాం’ అనే ఏజెంటు తన నంబరుతో నమోదు చేస్తే, తనిఖీ తేదీ, లోపాల మీద వచ్చే షార్ట్‌ఫాల్ నోటీసు, జవాబుకు ఇచ్చిన గడువు అన్నీ అతనికే చేరుతాయి. ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి కూడా అతన్నే బతిమాలుకోవలసి వస్తుంది, ప్రతిసారీ ఒక కొత్త ఖర్చు పుట్టుకొస్తుంది. డ్రాయింగులు గీయించుకోవడానికి నిపుణుల సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. లాగిన్ మాత్రం మీ చేతిలో ఉండాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. అగ్నిప్రమాదంలో మంటకంటే ముందు పొగ వస్తుంది, కరెంటు పోతుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయిన ఘటనలో, అదనపు సీట్ల వల్ల బాల్కనీలో దారి మూసుకుపోవడంతో పాటు, ఎమర్జెన్సీ లైట్లు లేకపోవడం కూడా కోర్టులు గుర్తించిన లోపాల్లో ఒకటి. అందుకే భవనాల ప్రమాణాలు చెప్పే 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం ఈ లైట్ల విషయంలో సందేహానికి తావు లేకుండా చెబుతుంది. మామూలు లైట్లకు కరెంటు పోయిన 5 సెకన్లలోగా ఇవి వెలగాలి. చిన్న భవనమైనా సరే, కనీసం 90 నిమిషాలు తగినంత వెలుతురు నిలపాలి. బయటికి వెళ్లే దారి మధ్య గీత వెంట నేల మీద వెలుతురు 10 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) తగ్గకూడదు. 10 లక్స్ అంటే పేపరు చదవడానికి చాలకపోయినా మెట్టు అంచు, తలుపు గొళ్లెం కనబడేంత వెలుతురు. కారిడార్లు కలిసే చోట, దారి మలుపు తిరిగే చోట, ప్రతి నిష్క్రమణ తలుపు దగ్గర, మెట్ల ప్రతి వరుసకూ నేరుగా వెలుతురు పడేలా, ఫైర్ అలారం బటన్లు, అగ్నిమాపక పరికరాల దగ్గర, ఆఖరి తలుపు దాటాక బయట కూడా లైటు ఉండాలి. ఆ బయటి లైటును చాలామంది మరిచిపోతారు.

‘మాకు జనరేటర్ ఉంది కదా’ అన్నది దరఖాస్తుదారుల నోట ఎక్కువగా వినిపించే జవాబు. జనరేటర్ దానంతట అదే స్టార్ట్ అయ్యే రకమైనా, ఇంజను అందుకుని లోడు తీసుకునే సరికి 5 సెకన్లు దాటిపోవడం మామూలే. పైగా మంట వల్ల ఒక అంతస్తు వైరింగు కాలిపోతే, కింద జనరేటర్ ఎంత బాగా నడిచినా ఆ అంతస్తుకు వెలుతురు రాదు. లోపలే బ్యాటరీ ఉన్న లైట్లు గానీ, విడిగా రక్షణ ఉన్న వైరింగుతో నడిచే కేంద్ర బ్యాటరీ వ్యవస్థ గానీ ఉండాలన్నది ఇందుకే. ఇంకో పొరపాటు స్విచ్ బోర్డు దగ్గర జరుగుతుంది. బ్యాటరీ లైటును మామూలు స్విచ్ ఉన్న ప్లగ్గుకు తగిలిస్తే, రాత్రి తాళం వేసే వాచ్‌మన్ అన్ని స్విచ్‌లతో పాటు దాన్నీ ఆపేస్తాడు. అప్పుడు లైటు బ్యాటరీ మీద వెలిగి వెలిగి తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. రోజూ ఇలా జరిగితే కొత్త బ్యాటరీ కూడా ఎక్కువ కాలం నిలవదు. ఆ లైనుకు స్విచ్ లేకుండా చూడాలి, లేదా చేతికి అందని చోట పెట్టాలి.

పరీక్షను సొంత ఎలక్ట్రీషియన్‌తోనే, ఒక పూట కేటాయించి చేయించవచ్చు. ముందురోజు నుంచి కనీసం 24 గంటలు బ్యాటరీలు నిండుగా చార్జ్ అయ్యేలా వదలాలి. బయటి వెలుతురు లెక్కలో కలవకుండా చీకటి పడ్డాకే మొదలుపెట్టాలి. జనం లేని రోజు ఎంచుకోవాలి. ఆసుపత్రి అయితే ఒక్కో అంతస్తూ విడిగా, రోగులకు ఇబ్బంది లేకుండా చేయాలి. ముఖ్యమైన సంగతి, పరీక్ష కోసం మెయిన్ స్విచ్ ఆపకూడదు. మెయిన్ ఆపితే జనరేటర్ అందుకుని లోపాన్ని కప్పేస్తుంది. అంతస్తు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఆ కారిడార్ మామూలు లైట్ల ఎంసీబీ (ఆ ఒక్క లైనుకు కరెంటు ఆపే చిన్న బ్రేకర్) ఒక్కటే దించి చూడాలి. అప్పుడు ఎమర్జెన్సీ లైటు వెలగకపోతే, అది ఆ లైట్ల సర్క్యూట్‌కు కాకుండా వేరే లైనుకు కలిపి ఉందని అర్థం. కరెంటు మొత్తం పోతే వెలుగుతుంది గానీ, ఒక్క కారిడార్ చీకటైతే దానికి తెలియదు. తనిఖీలో బయటపడే లోపాల్లో ఇదీ ఒకటి, సరిచేయడానికి పట్టేది కాస్త వైరు మాత్రమే.

ఎంసీబీ దించిన క్షణం నుంచి లైటు ఎన్ని సెకన్లకు వెలిగిందో రాసుకోవాలి. లక్స్ మీటరును చేతిలో పట్టుకోకుండా నేల మీద ఉంచి, దారి మధ్యలో, మలుపుల దగ్గర, మెట్ల మీద కొలవాలి. ఫోన్లలో దొరికే లక్స్ యాప్‌ల రీడింగును నివేదికలో రాయకండి. ఒక్కో ఫోను ఒక్కో అంకె చూపుతుంది, అది ఎవరినీ ఒప్పించదు. 90వ నిమిషంలో అవే చోట్ల మళ్లీ కొలవాలి. మొదట్లో ధగధగా వెలిగిన లైట్లలో కొన్ని గంట తిరక్కుండానే మసకబారడం ఈ దశలోనే కనిపిస్తుంది. కరెంటు పునరుద్ధరించాక ప్రతి లైటులోనూ చార్జింగ్ సూచిక వెలిగిందో లేదో చూసి ముగించాలి.

తనిఖీకి ముందురోజు సాయంత్రం పూర్తి పరీక్ష పెట్టుకోకండి. ఖాళీ అయిన బ్యాటరీలు మళ్లీ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అధికారి వచ్చి ఎంసీబీ దించితే, మీ లైట్లలో లోపమేమీ లేకపోయినా అవి వెలగవు. శ్రద్ధగా పనిచేసినవాళ్లకే జరిగే నష్టం ఇది. కనీసం వారం ముందు చేసుకుంటే, పోయిన బ్యాటరీలు మార్చి మళ్లీ పరీక్షించడానికీ సమయం దొరుకుతుంది.

ఇప్పుడు కాగితం. నివేదికలో భవనం పేరు, పరీక్ష తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం ఉండాలి. ప్రతి లైటుకూ ఒక నంబరు ఇచ్చి, అదే నంబరును గోడమీది లైటు పక్కన చీటీ అంటించి, డ్రాయింగులోనూ గుర్తించాలి. ఆ నంబరు ఎదురుగా లైటు ఉన్న చోటు, వెలగడానికి పట్టిన సెకన్లు, మొదటి లక్స్, 90వ నిమిషం లక్స్, లోపం, దాన్ని సరిచేసిన తేదీ, మళ్లీ పరీక్షించిన తేదీ వరుసగా రాయాలి. కింద లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ సంతకం, లైసెన్సు నంబరు, యజమాని సంతకం ఉండాలి. పోర్టల్ జాబితాలో ఈ పేరుతో విడిగా అడగకపోయినా, పరికరాల పత్రాలతో పాటు జతచేస్తే తనిఖీకి వచ్చినవారికి పని సులువవుతుంది.

దళారులు అమ్మే తయారు నివేదికలను గుర్తుపట్టడం కష్టం కాదు. అందులో ప్రతి లైటూ ఒకే సెకనులో వెలుగుతుంది, ప్రతి లైటూ సరిగ్గా 90 నిమిషాలు నిలుస్తుంది, లక్స్ అన్నిచోట్లా ఒకే అంకె, ఒక్క బ్యాటరీ కూడా పోదు. ఒక పాఠశాల ఫైలులో రెండు అంతస్తుల భవనానికి ‘మూడో అంతస్తు, లిఫ్ట్ లాబీ’ అని రాసిన నివేదిక జతై ఉంది, అసలు ఆ పాఠశాలకు లిఫ్టే లేదు. వేరే ఎవరిదో ఫోటోకాపీ మీద పేరు మార్చి అంటించారు. ఇలాంటిది బయటపడితే నష్టం లైట్ల దగ్గర ఆగదు, ఆ ఫైలులోని మిగతా పత్రాలన్నిటి మీదా అనుమానం పడుతుంది. దానికి బదులు, రెండు లైట్లు గంటలోపే ఆగిపోయాయని, మార్చి మళ్లీ పరీక్షించామని నిజంగా రాసిన నివేదికకే విలువ ఎక్కువ. లోపం రాస్తే దరఖాస్తు తిరస్కరిస్తారేమోనన్న భయం అక్కర్లేదు. సరిచేసిన లోపం లోపం కాదు.

తనిఖీ తర్వాత షార్ట్‌ఫాల్ వస్తే గాభరాపడి కొత్త దరఖాస్తు పెట్టవద్దు. అదే దరఖాస్తు నంబరు కింద, అడిగిన అంశానికే, లైటు నంబర్లతో సహా జవాబిచ్చి, మార్చిన లైట్ల ఫోటోలు, సవరించిన నివేదిక జతచేయండి. ‘అన్నీ సరిచేశాం’ అన్న ఒక్క వాక్యంతో జవాబు పంపితే అది మళ్లీ వెనక్కి రావచ్చు.

ఎన్వోసీ చేతికొచ్చాక నెలకొకసారి కాసేపు ఎంసీబీ దించి లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో చూడటం, ఏడాదికొకసారి పూర్తి వ్యవధి పరీక్ష చేయడం ఐరోపా ప్రమాణాలు చెప్పే పద్ధతి. మన దగ్గరా ఇలా నడిపితే రెన్యువల్ సమయంలో కొత్తగా వెతుక్కోవలసింది ఉండదు. తేదీ, చూసినవారి పేరు, వెలగని లైటు నంబరు, బ్యాటరీ మార్చిన తేదీ ఒక రిజిస్టరులో రాసి, దాన్ని సెక్యూరిటీ గదిలో ఉంచండి. యజమాని ఇంటి బీరువాలో ఉన్న రిజిస్టరు తనిఖీ రోజున పనికిరాదు.