పెరటి కొమ్మలకి ఏ చెయిన్‌సా: పెట్రోలుదా, బ్యాటరీదా?

ముందు ఏం కోస్తారో చూసుకోండి. కాయలు దిగాక మామిడిలో ఎండుకొమ్మలు, మణికట్టంత మునగ కొమ్మలు తీయడానికైతే బ్యాటరీది చాలు, బటన్ నొక్కగానే తిరుగుతుంది, పొగ ఉండదు, కాకపోతే పని మధ్యలో చార్జింగ్ అయిపోతే టెన్షన్ కాబట్టి రెండో బ్యాటరీ కూడా కొనండి. గాలివానకి పడిన వేపమాను, కరెంటు లేని తోటలో రోజంతా కోత అంటే పెట్రోలుదే. దాంట్లో ఉత్త పెట్రోలు పోస్తే ఇంజను పట్టేస్తుంది! 50:1 అని రాసి ఉంటే లీటరుకి 20 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలి, 25:1 అయితే 40. చెయిన్ ఆయిల్ పెట్రోలుదానికీ, బ్యాటరీదానికీ వేరుగా పోయాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. బార్ (చెయిన్ తిరిగే పొడవాటి పట్టీ) కొన కొమ్మకి తగలనివ్వకండి, రంపం ఒక్కసారిగా మొహం మీదకి ఎగురుతుంది. నిచ్చెనెక్కి మాత్రం ఏదీ వాడొద్దు, బ్యాటరీది ఎంత తేలిగ్గా ఉన్నా సరే.