గడ్డం తొండతో మొదటి ఏడాది – 2వ పాఠం: ముందు ఎండ, తర్వాత తిండి

మొదటి పాఠం చదివి గడ్డం తొండ (ఇంగ్లిష్‌లో బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లి) పిల్లను తెచ్చుకున్న జడ్చర్ల తమ్ముడొకరు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, మూడు రోజులైంది, ఏం తింటలేదు. పురుగులు మార్చాల్నా?" నేను ఒక్కటే అడిగాను: బల్బు కింద ఎంత వేడి ఉంది? అటు నుంచి చప్పుడు లేదు. థర్మామీటర్ కొననే లేదట.

తిండి గురించి రాద్దామనుకున్న పాఠం అందుకే పిల్ల ఉండే పెట్టె దగ్గర మొదలవుతోంది. బియర్డెడ్ డ్రాగన్‌కు మనలాగా ఒంట్లో వేడి పుట్టదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. ఒళ్లు కాగితేనే కడుపులో తిండి అరుగుతుంది. చల్లబడ్డ పిల్లకు బలవంతంగా పురుగు తినిపిస్తే అది అరగక లోపలే కుళ్లుతుంది. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమి ఎండు నేలలు. మన కంచెల మీద తల ఆడించే తొండదీ దీనిదీ ఒకటే కుటుంబం. అది తెలియకుండానే మా అమ్మ చూసిన రోజే "గడ్డం తొండ" అని పేరు పెట్టింది.

"మన నల్లగొండ ఎండ చాలదా, మళ్లీ బల్బెందుకు?" అని చాలామంది అడుగుతారు. వేడి ఉంటే సరిపోదు, తేడా కావాలి. పెట్టెలో ఒక మూల కాగుతూ ఉండాలి, ఇంకో మూల చల్లగా ఉండాలి. ఏ పూట ఎక్కడ కూర్చోవాలో అది చూసుకుంటుంది. మన ఇళ్లలో మేలో అన్ని మూలలూ ఒకటే వేడి, జనవరి తెల్లవారుజామున అన్ని మూలలూ ఒకటే చలి.

పెద్దయ్యాక దానికి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న పెట్టె కావాలి. పిల్లే కదా అని చిన్న అక్వేరియం కొంటే ఏడాది లోపే రెండో ఖర్చు. ఒకేసారి వడ్ల ఆయనతో పెద్దది చేయించండి: ప్లైవుడ్ పెట్టె, ముందు జరిపే అద్దాలు, గాలి ఆడటానికి పక్కల జాలీ. వార్నిష్ వాసన పోయేదాకా వారం పది రోజులు బయట పెట్టండి. పిల్ల చిన్నగా ఉన్నన్నాళ్లు 3 అడుగుల దగ్గర అట్ట అడ్డం పెడితే పురుగులు దాని కంటబడతాయి.

అడుగున ఇసుక వద్దు. పురుగు మీదికి ఉరికినప్పుడల్లా ఇసుక నోట్లోకి పోయి పేగుల్లో అడ్డుపడుతుంది. పాత పేపర్ వేసి రోజూ మార్చండి. వేడి మూలకు మాత్రం మన దగ్గర దొరికేదాన్ని మించింది లేదు, తాండూరు బండ ముక్క. ఇల్లు కడుతున్న చోట అడిగితే ఊరికే ఇస్తారు. బల్బు వేడిని పట్టి ఉంచుతుంది, గరుకు వైపు పైకి పెడితే గోళ్లూ అరుగుతాయి. కదలకుండా కూర్చోబెట్టండి. కిందికి దూరి పడుకున్నప్పుడు జారితే పిల్ల నలిగిపోతుంది.

బండ మీద, పిల్ల ఎగిరినా అందనంత ఎత్తులో హాలోజన్ బల్బు గానీ పాత గుండు బల్బు గానీ వేలాడదీయండి. ఎన్ని వాట్లని నన్ను అడగొద్దు, బండను అడగండి. బండ పైభాగం 38 నుంచి 42 డిగ్రీలు, చల్ల మూల 26 నుంచి 29. వైరు చివర బుడిపె ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని రెండు మూలలా పెట్టండి. కరోనా నాటి నుదుటి గన్ మనిషి జ్వరం చూడటానికి చేసింది, దాన్ని నమ్ముకోకండి. థర్మామీటర్ తెచ్చి పెట్టాక జడ్చర్ల తమ్ముడి బండ 29 చూపించింది. బల్బును జానెడు కిందికి దించి, మళ్లీ కొలిచి 39కి తెచ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి అదే పిల్ల అవే పురుగులు పదకొండు తినేసింది.

ఇక రెండో దీపం. వేడి బల్బు వేరు, యూవీబీ ట్యూబ్ వేరు. యూవీబీ అంటే ఎండలో ఉండే, కంటికి కనిపించని ఒక రకం అతినీలలోహిత కిరణాలు. అవి పడితేనే చర్మంలో డి3 విటమిన్ తయారవుతుంది, అదుంటేనే తిన్న కాల్షియం ఎముకకు పడుతుంది. లేకపోతే దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, వంకర పోతాయి. సరీసృపాలకని అమ్మే, 10 లేదా 12 శాతం యూవీబీ అని రాసి ఉన్న పొడవాటి ట్యూబే తీసుకోండి. కిరాణా కొట్టు సీఎఫ్ఎల్ దీనికి పనికిరాదు. ఏడాది తర్వాత కూడా ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది గానీ అందులో సత్తువ పోతుంది, మార్చాలి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ట్యూబ్ ఖర్చు మిగులుతుందని నా మొదటి పిల్ల అద్దాల పెట్టెను తూర్పు కిటికీ పక్కన పెట్టాను. అద్దం యూవీబీని ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపల బంధిస్తుంది. స్నానం చేసి వచ్చేసరికి నోరు తెరుచుకుని మూలకు కరుచుకుని ఉంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో. నిజమైన ఎండ ఇవ్వాలంటే పొద్దున 8 లోపు, సగం నీడ ఉన్న జాలీ బుట్టలో, పక్కనే మీరు కూర్చుని. కాకులు, పిల్లులు ఊరుకోవు.

చలి దేశాలవాళ్లు రాసిన పుస్తకాల్లో అన్నీ వేడి పెంచే ఉపాయాలే. మనకు కావాల్సింది చల్ల మూల కాపాడుకోవడం. బయట 44 దాటిన రోజు రేకుల గదిలో ఈ పెట్టె పెట్టొద్దు. చల్ల మూల 32 దాటితే వేడి బల్బు ఆపేయండి, ట్యూబ్ ఒక్కటి వెలగనివ్వండి. గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి చల్ల మూల జాలీకి బయట ఆనించండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి. అది తేమ గాలి, దీనికి 30, 40 శాతం తేమ చాలు. తేమ ఎక్కువై ఊపిరితిత్తులకు జబ్బు చేస్తే నయం చేయడం కష్టం. రాత్రి అన్ని దీపాలూ ఆర్పాలి, ఎర్ర బల్బులు కూడా. చలికాలం రాత్రి గది 18 కంటే దిగితే వెలుతురు రాని సిరామిక్ హీటర్‌ను థర్మోస్టాట్‌తో (వేడిని చూసి హీటర్‌ను తనే ఆపి, వేసే స్విచ్) వాడండి.

ఇప్పుడు తిండి. దీపాలు వేసి గంటైనాక మొదటి పూట, ఆర్పడానికి రెండు గంటల ముందే చివరి పూట. పిల్లకు రోజుకు 3 పూటలు, పూటకు 10, 15 నిమిషాల్లో తిన్నన్ని పురుగులు. కీచురాళ్లు, మేత కోసమే పెంచే డూబియా రకం బొద్దింకలు రెండూ మంచివే. పురుగు సైజు పిల్ల రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. మిగిలిన కీచురాళ్లను తీసేయండి, రాత్రి పడుకున్న పిల్లనే కొరుకుతాయి. ప్రతిసారీ కొరియర్‌కు డబ్బులెందుకు, డూబియాలను ఇంట్లోనే పెంచొచ్చు: ప్లాస్టిక్ డబ్బా, గుడ్ల అట్టలు, తవుడు, క్యారెట్ ముక్కలు. బొద్దింకల డబ్బా అంటే ఇంట్లో వాళ్లు ఏమంటారో మీకే తెలుసు, నాది మేడ మీద ఉంది.

పొలంలో పట్టిన పురుగులు వేయకండి. పత్తికి కొట్టే మందు పురుగు కడుపులోంచి దీని కడుపులోకి పోతుంది. మిణుగురు పురుగు అయితే ఒక్కటి చాలు, ప్రాణం పోతుంది. పట్టు రైతు తెలిసినవాళ్లుంటే చిన్న పట్టుపురుగులు అడగండి, మెత్తగా ఉండి బాగా అరుగుతాయి. పడకల మీద మందు పొడి చల్లినవి మాత్రం వద్దు.

పురుగుల్ని కవర్లో వేసి, ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి చిటికెడు చల్లి ఊపండి. బజ్జీకి పిండి పట్టినట్టు కాదు, చంటిపాప మొహానికి పౌడర్ అద్దినట్టు పల్చగా. వారంలో ఐదు రోజులు ఇలా. కాల్షియమే కదా అని పాన్ సున్నం రుద్దినవాళ్లూ ఉన్నారు, అది నోరు కాలుస్తుంది.

ఆకు రోజూ పొద్దున్నే పెట్టండి, మొదట్లో తొక్కుతుందే గానీ తినదు. మునగాకు, మల్బరీ ఆకు, మందార పువ్వు, తురిమిన గుమ్మడికాయ మంచివి. పాలకూర, తోటకూర, చుక్కకూర, పుంటికూర, గంగవాయిలి రోజువారీకి పనికిరావు, వాటిలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. తడి ఆకు మీది చుక్కలే సగం దాహం తీరుస్తాయి. మూతి మీద ఒక్కో నీటి చుక్క వేసినా నాకుతుంది.

వచ్చే పాఠం వరకు ఒక నోట్‌బుక్ పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రెండు మూలల వేడి, తిన్న పురుగుల లెక్క, దొడ్డికి వచ్చిందా లేదా. ఆదివారం వంటింటి త్రాసు మీద బరువు, తర్వాత త్రాసూ చేతులూ సబ్బుతో కడగాలి. కుబుసం విడిచేటప్పుడు తిండి ఎందుకు మానేస్తుందో 3వ పాఠంలో చూద్దాం, అప్పుడు ఈ లెక్కలే ముందేసుకుని కూర్చోవాలి.