ఊపిరితిత్తి మార్పిడి తర్వాత బయాప్సీ: రక్తస్రావం కాకుండా ముందే ఎలా సిద్ధపడాలి?

కొత్త ఊపిరితిత్తిని శరీరం తిరస్కరిస్తోందేమో చూడటానికి మొదటి ఏడాదిలో చాలాచోట్ల కొన్నిసార్లు బయాప్సీ చేస్తారు. ముక్కులోంచో నోట్లోంచో బ్రాంకోస్కోప్ గొట్టం పంపి, బుల్లి పట్టకారుతో నువ్వుగింజంత ముక్కలు తీస్తారు. కనీసం 5 మంచి ముక్కలు కావాలి. తీసిన ప్రతిచోటా కాస్త రక్తం వస్తుంది. అది ఎక్కువైతే శ్వాసనాళాల్లో నిండి ఊపిరాడదు. దీన్ని ఆపే పని చాలావరకు ఇంటి దగ్గరే మొదలవుతుంది.

పది రోజుల ముందు: మందుల చీటీ

వాడే ప్రతి మాత్రా ఒక కాగితం మీద రాయండి. నొప్పి మాత్రలు, చేపనూనె క్యాప్సూల్స్, ఆకుపసరు మందులు కూడా దాచకండి. రక్తాన్ని పలుచన చేసే మందుల్లో క్లోపిడోగ్రెల్‌ని సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు, వార్ఫరిన్‌ని సుమారు 5 రోజుల ముందు ఆపిస్తారు. అపిక్సబాన్, రివరోక్సబాన్‌లకు 2 రోజులు, కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆస్పిరిన్‌ని చాలామందికి కొనసాగిస్తారు.

దయచేసి ఏదీ మీ అంతట మీరు ఆపకండి. గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లు క్లోపిడోగ్రెల్ ఆపేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. గుండె డాక్టరూ మార్పిడి డాక్టరూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయమిది. ఫంగస్‌కి వాడే వోరికోనజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది, అదీ చీటీలో ఉండాలి.

రక్త పరీక్షలు, ముఖ్యంగా కిడ్నీ

ప్లేట్‌లెట్లు 50,000 పైన, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ 1.5 లోపు ఉండాలని సాధారణంగా చూస్తారు. మార్పిడి తర్వాత వాడే మైకోఫెనోలేట్, వాల్‌గాన్‌సైక్లోవిర్ ప్లేట్‌లెట్లను తగ్గించగలవు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. రిపోర్టులో ప్లేట్‌లెట్లు 2 లక్షలు కనబడితే టెన్షన్ తీరిపోతుంది. కానీ కొత్త ఊపిరితిత్తిని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. రక్తంలో యూరియా బాగా పేరుకుంటే ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నా సరిగా అతుక్కోవు. అందుకే "నా యూరియా, క్రియాటినిన్ ఎంత ఉన్నాయి డాక్టర్ గారూ?" అని తప్పకుండా అడగండి. అవసరమైతే బయాప్సీకి కాసేపు ముందు, ప్లేట్‌లెట్లు బాగా అతుక్కునేలా చేసే డెస్మోప్రెసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఒంట్లో నీటిని నిలబెడుతుంది, సోడియం పడిపోవచ్చు. ఆ రోజు నీళ్లు ఎంత తాగాలో కూడా అడిగి తెలుసుకోండి.

ఆ రోజు ఉదయం

ఎన్ని గంటల నుంచి ఏమీ తినకూడదో, బీపీ మాత్ర వేసుకోవాలో వద్దో ముందురోజే అడిగి పెట్టుకోండి. టాక్రోలిమస్ లెవెల్‌కి రక్తం తీసేదుంటే, తీశాకే మాత్ర. డబ్బా వెంట తీసుకెళ్లండి.

లోపల

దగ్గు ఆగకపోతే చెయ్యెత్తి సైగ చేయండి, ఇంకాస్త మత్తుమందు ఇస్తారు. రక్తం వస్తే డాక్టర్ గొట్టాన్ని ఆ నాళంలోనే బిగించి ఉంచుతారు, చల్లటి సెలైన్ పోస్తారు, కొన్నిసార్లు రక్తనాళాలు ముడుచుకునేలా చేసే అడ్రినలిన్‌ని పలుచన చేసి వాడతారు. మిమ్మల్ని రక్తం వచ్చే వైపుకి తిప్పి పడుకోబెడితే భయపడకండి. రెండో వైపు ఊపిరితిత్తిలోకి రక్తం పోకుండా అలా చేస్తారు.

తర్వాత

గొంతు మొద్దు వదిలేదాకా, దాదాపు 2 గంటలు, నీళ్లు కూడా వద్దు. ఊపిరితిత్తిలోంచి గాలి లీకైందేమో చూడటానికి ఎక్స్‌రే తీస్తారు. ఒకట్రెండు రోజులు కళ్లెలో రక్తపు చారలు మామూలే. చెంచా నిండా తాజా రక్తం పడినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌కో చెన్నైకో దూరం నుంచి వచ్చినవాళ్లు ఆ రాత్రి బస్సెక్కకండి, ఆసుపత్రి దగ్గర్లోనే ఉండండి. ఆపిన మందు మళ్లీ ఏ రోజు నుంచి వేసుకోవాలో కాగితం మీద రాయించుకునే బయటికి రండి.